నాలుగో రుమాలు

పల్లకీ కుదుపుకు శింగన పెట్టుడు గడ్డం ఎడమవైపు కొద్దిగా లేచింది. లేచిన గడ్డాన్ని ఒక చేత్తో నొక్కి, ఎగిరిపడుతున్న గుండెను రెండో చేత్తో నొక్కి, తెర సందులోంచి బయటకు చూశాడు. బయట కనబడిందల్లా మంచు. మంచు అంటే మంచిదేమో అనుకునేరు. అది చల్లగా లేదు, తడిగా లేదు. కాలిన వెంట్రుకల వాసన వేస్తోంది. తెర సందులోంచి ఒక పాయ లోపలికి దూరి శింగన మెడ చుట్టూ తడిమి, ఏదో వాసన చూసుకున్నట్టు ఆగి, వెనక్కి జరిగింది.

"అది మంచు కాదు, మంత్రం," అనుకున్నాడు శింగన.

శింగన తాతల నాటి నుంచీ పగటివేషగాడు. పొద్దున శివుడు, మధ్యాహ్నం సుంకరి, పొద్దువాలే వేళకు సోమయాజి. ఏ వేషం కట్టినా ఇంతకాలం పొట్ట కోసం కట్టాడు. ఈ వేషం మాత్రం తోడబుట్టినవాడి కోసం. లోహగిరి రాజు ఉగ్రకంఠుడు ఏరు పొంగడంతో అవతలి గట్టున చిక్కుబడిపోయాడు. ఆయనకంటే ముందు దాటిన పల్లకీ, అందులో ఆయన ఉడుపులూ కిరీటమూ, ఇవతలి గట్టున దొర కోసం ఎదురుచూస్తున్నాయి. లోహగిరిలో రాజు ముఖం చూసిన బోయీకి కళ్లుండవు. అందుకని బోయీలు తలలు వంచుకునే కూర్చున్నారు. శింగన నీళ్లు కారుతూ వచ్చి, గంభీరంగా ఒక్క దగ్గు దగ్గి ఎక్కి, తెర వెనక ఆ ఉడుపులు తొడుక్కుని, కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు. బోయీలు బరువు చూశారే గాని పరువు చూడలేదు. ఎత్తుకుని నడిచారు.

ఇప్పుడా పల్లకీ గుట్ట ఎక్కుతోంది. గుట్ట మీద శింగన తమ్ముడు ఓబులును ఫిరంగి మూతికి కట్టేసి ఉంచారు.

ఎందుకు కట్టారంటే, దాని వెనక పెద్ద కథ ఉంది. పరాసు దేశపు జనం తమ రాజును కోటలోంచి వెళ్లగొట్టిన నాటి నుంచీ చుట్టుపక్కల రాజులెవరికీ కంటిమీద కునుకు లేదు. అక్కడ సింహాసనం విరిగిన చప్పుడుకు ఇక్కడి సింహాసనాలన్నీ కిర్రుమన్నాయి. పైగా ఆ పరాసు దండులో ఫిరంగులు తుడిచే ఒక కుర్రవాడు నాయకుడై, సేనానాయకుడై, చివరకు తన తలమీద తన చేత్తోనే కిరీటం పెట్టుకున్నాడు. పేరు భేరుండుడు. మనిషి పొట్టి. పేరు వింటే మాత్రం పెద్ద పెద్ద రాజులకు పొట్టలో చలి. పరాసు అంటే చాలు, ప్రతి కొలువూ పరేషాను. ఒకరి నీడ ఒకరికి గిట్టని నలుగురు రాజులు గత్యంతరం లేక కూటమి కట్టారు. కట్టినప్పుడల్లా భేరుండుడు వచ్చి విప్పేశాడు. ఇప్పుడు మళ్లీ కట్టారు. సంధి అయితే కుదిరింది గాని సమాసం కుదరలేదు. ఎవరి గుడారం వారిది, ఎవరి గుర్రం వారిది, ఎవరి గుర్రు వారిది.

ఆ దండులోకే మొన్న అన్నదమ్ములిద్దరూ వేషాలతో వచ్చారు. ఓబులు భేరుండుడి వేషం కట్టాడు. అడ్డటోపీ, వీపు వెనక చెయ్యి, మోకాళ్లు వంచి కుదించుకున్న ఒడ్డూ పొడుగూ. అలా నడిచివచ్చి ముందు వరుస సైన్యం ఎదుట నిలబడి, "ఏమర్రా, భోజనాలయ్యాయా?" అన్నాడు, అంతే. విస్తళ్లు విస్తళ్లలాగే ఉన్నాయి, సైన్యం లేదు. ఈటెలు పారేసి కొందరు ఏట్లో దూకారు, కొందరు ఒకరినొకరు పరాసులనుకుని పొడుచుకున్నారు.

రాజులకు తల తీసేసినట్టయింది. పగటివేషగాణ్ణి చూసి పారిపోయామని ఒప్పుకోవడమా? దానికంటే, సాక్షాత్తూ భేరుండుణ్ణే పట్టుకున్నామని చాటించడం నయమనిపించింది. చాటించారు. దండోరా వేశాక ఇక దండన తప్పదు. ఓబులు "అయ్యా, నేను వేషగాణ్ణి!" అని గొంతు చించుకుంటే, "భేరుండుడు వేషాలు వేస్తున్నాడు," అన్నారు.

పల్లకీ దిగింది.

గుట్ట నెత్తిన నాలుగు గొడుగుల కింద నాలుగు పీఠాలు. నడుమ రత్నకంబళి. దాని అంచున పులి పంజాల వంటి చక్రాల మీద, పాము నోరు చెక్కిన మూతితో, మనిషి పట్టేంత గొంతుతో, పొగమంచులో నల్లగా మెరుస్తూ యమజిహ్వ అనే ఫిరంగి. నిన్న దాని మూతికి కట్టిన వేగులవాడి తాలూకు ఎర్రటి తలగుడ్డ ఎదుటి తుమ్మకొమ్మకు ఇంకా వేలాడుతోంది. తలగుడ్డ మాత్రమే. ఆ మూతికి వీపు ఆనించి, చేతులు విరిచికట్టి, ఓబులు నిలబడి ఉన్నాడు. వెనక ఫిరంగి పేల్చే గోలందాజు వత్తి పట్టుకుని చూస్తున్నాడు. గోలందాజు గోల చెయ్యడు, గోళం వదులుతాడంతే.

శింగన వణికే కాళ్లకు రాజసం నేర్పుతూ నాలుగో పీఠం దాకా నడిచాడు.

ఈ కూటమిలో ఒక మర్యాద ఉంది. అదే శింగనకు కొండంత అండ. రాజు రాజు ముఖం వంక చూడకూడదు. ముందు తలెత్తి చూసినవాడు కింది రాజు కింద లెక్క. అందుకని ముగ్గురూ తలలు దించుకుని ఎదుటివాళ్ల పాదుకలే చూస్తూ కూర్చున్నారు. ఏ పనీ ఒకరు ముందు చెయ్యకూడదు. లేవడమైనా, తినడమైనా, చంపడమైనా నలుగురూ ఒక్కసారే. భేరుండుడి చావుకూ అంతే. నలుగురి చేతుల్లోంచి నాలుగు రుమాళ్లు నేల తాకితే గోలందాజు వత్తి దించుతాడు. మూడు పడితే దించడు.

"లోహగిరి ప్రభువులు ఆలస్యం చేశారు," అన్నాడు ఎలుగుబంటి తోలు కప్పుకున్న ముసలిరాజు తుషారసేనుడు, శింగన పాదుకలతో.

"ఏరు పొంగింది, సోదరా," అన్నాడు శింగన బొంగురుగా.

"మాకూ పొంగింది. మేం ఓడలో వచ్చాం," అన్నాడు ఓడల రాజు సాగరకేతుడు. నేల మీద కూర్చుంటే ఆయనకు కడుపులో తిప్పుతుంది. అందుకు పీఠం కింద ఒక సేవకుడు పడుకుని మెల్లగా ఊపుతున్నాడు.

"మాకు పొంగినా మేం చెప్పుకోం," అన్నాడు జంటగద్దల జెండా రాజు గరుత్మవర్మ. ఆయనకు ఎప్పుడూ ఏదో ఒకటి పొంగుతూనే ఉంటుంది, ముఖ్యంగా కోపం.

అప్పుడు మంచు రెండుగా చీలింది. మధ్యలోంచి ధూమకేశి వచ్చాడు. కూటమి కొలువులోని మాంత్రికుడు. అతని తలమీద వెంట్రుకలు లేవు. కుదుళ్లలోంచి పొగ వస్తోంది. ఆ పొగే గుట్టంతా కమ్మి, దండంతా కప్పి, ఏటి దాకా పరుచుకుంది. దండు మొత్తం అతని జుట్టులో పేలలాగా తిరుగుతోంది.

"యుద్ధతాంబూలం ప్రభూ," అని పళ్లెం చాచాడు. గొంతు నిప్పుల మీద నీళ్లు చల్లినట్టుంది.

ముగ్గురు రాజులూ కుడిచెయ్యి నిర్లక్ష్యంగా చాచి అందుకున్నారు. శింగన రెండు చేతులూ దోసిలి పట్టి తాంబూలం పుచ్చుకుని, కళ్లకద్దుకున్నాడు.

అద్దుకున్నాక తెలిసింది ఏం చేశాడో. పుట్టి బుద్ధెరిగాక ఇంటింటి ముంగిటా రెండు చేతులు చాచి పుచ్చుకున్నవే శేరు బియ్యమైనా, పాత పంచె అయినా. చేతులకు అదే అలవాటు. నోటికి పాఠం నేర్పాడు, నడకకు నేర్పాడు, చేతులకు చెప్పడం మరిచాడు. పుచ్చుకుని బతికే మనిషి చేతులు అవి. రాజు చేతులు కావు.

ధూమకేశి కళ్లు సన్నబడ్డాయి. నెత్తిమీది పొగ ఒక్కసారి పైకి లేచింది.

అయిపోయింది, అనుకున్నాడు శింగన.

కాని రాజులు చూసేది కిందికి. వాళ్లకు ముఖం కనబడలేదు, చేతులు కనబడ్డాయి.

"లోహగిరిలో ఇప్పుడు ఇలా పుచ్చుకుంటున్నారా?" అన్నాడు సాగరకేతుడు మెల్లగా. అడిగి ఊరుకోలేదు. నోట్లో పెట్టుకోబోయిన ఆకు పళ్లెంలో పడేసి, "మాకు మళ్లీ ఇవ్వు," అని రెండు చేతులూ చాచాడు.

"వాళ్లు చేస్తే మేం చెయ్యలేమనా!" అని గరుత్మవర్మ కూడా చాచాడు. ముసలి తుషారసేనుడు అప్పటికే నమిలేశాడు. "మాది ముందుది లెక్కలోకి రాదు," అని ఉమ్మేసి, తోలులోంచి రెండో చెయ్యి బయటకు లాగి, దోసిలి పట్టి, అందరికంటే గట్టిగా కళ్లకద్దుకున్నాడు. సున్నం కంట్లో పడింది.

ఇప్పుడు ధూమకేశి "అలా పుచ్చుకునేది యాచకులు" అంటే నలుగుర్నీ అన్నట్టే. పళ్లు కొరికాడు. కొరికి, నవ్వాడు. ఆ నవ్వు కొరకడం కంటే ఘోరంగా ఉంది.

"ప్రభువులకు ఒక మనవి. నా పొగకు ఒకే ఒక్క వాసన తెలుసు, భయం వాసన. దొంగ ఎవడైనా ఈ కంబళి మీద ఉంటే వాణ్ణి చుట్టుకుంటుంది. చుట్టుకుంటే విప్పదు."

తల విదిలించాడు. పొగ పాయలు పాయలుగా కంబళి మీదికి పాకింది. శింగన ఊపిరి బిగబట్టాడు. పొగ అతని పాదాల దగ్గరకు వచ్చింది, మోకాళ్లెక్కింది, నడుము చుట్టింది. ఇనపపట్టీ బిగించినట్టు బిగించింది. రొమ్ములో గాలి పిడికెడు కూడా మిగల్లేదు. కళ్ల ముందు నల్లగా చుక్కలు.

అంతలో పక్క పీఠం మీంచి "ఉక్" అని వినిపించింది. తుషారసేనుణ్ణి రెండు పేటల పొగ చుట్టేసింది. సాగరకేతుడు ఊగడం మానేశాడు. గరుత్మవర్మ కోపం ఊపిరాడక దగ్గుగా మారింది. ముగ్గురికీ భేరుండుడంటే భయం, పక్కవాడంటే అంతకు మించిన భయం. పొగ ఎవరిని వదులుతుంది!

"ఓరి వెధవా! ఎవర్ని చుడుతున్నావురా! తియ్యి!" అని తుషారసేనుడు అరిచాడు.

ధూమకేశి ముఖం పాలిపోయింది. చప్పున పొగ లాక్కున్నాడు.

ఇదే అదను. శింగన గొంతు సవరించాడు. "సోదరులారా, చంపే ముందు ఆ భేరుండుడితో ముఖాముఖి రెండు మాటలు మాట్లాడాలి. బందీని మా గుడారానికి పంపించండి."

"మీ గుడారానికే ఎందుకు ముందు?" అన్నాడు గరుత్మవర్మ.

"పంపితే మొదట మా ఓడకు," అన్నాడు సాగరకేతుడు.

"పెద్దవాణ్ణి నేనుండగానా!" అన్నాడు తుషారసేనుడు.

ముగ్గురూ కాసేపు పాదుకలతో పోట్లాడుకుని, ఎవరి గుడారానికీ వద్దు, ఇక్కడే ఇప్పుడే కానివ్వండని తేల్చారు. ఏ పోటీ ఇందాక శింగనను కాపాడిందో, ఆ పోటీయే ఓబులు ఆయువు పట్టుకుంది. నలుగురి చేతుల్లోకి రుమాళ్లు వచ్చాయి. తెలుపు, నీలం, పసుపు. శింగన చేతిలో నలుపు.

"వదలండి!" అన్నాడు ధూమకేశి.

తెలుపు పడింది. నీలం పడింది. పసుపు పడింది. గోలందాజు వత్తి సగం దించి ఆపాడు. నిప్పుకణిక మందు అంటించే బెజ్జానికి, ఫిరంగి చెవికి, బెత్తెడు దూరంలో ఊగుతోంది.

శింగన పిడికిలి విప్పలేదు.

"తమ రుమాలు, ప్రభూ?" ధూమకేశి పక్కనే నిలబడ్డాడు. ఊపిరి చెవిలో కాలుతోంది. "చెయ్యి తిమ్మిరెక్కిందా? విప్పమంటారా?"

ఓబులు తల తిప్పి చూశాడు. మూడు రోజుల గడ్డం, పగిలిన పెదవి. అన్న కట్టిన వేషం తమ్ముడికి తెలియకుండా ఉంటుందా! కళ్లు పెద్దవయ్యాయి. వెంటనే తల అటు తిప్పేసుకున్నాడు, అన్న దొరికిపోతాడని.

సరిగ్గా అప్పుడు గుట్ట కింద బూరలు మోగాయి.

"లోహగిరి మహారాజు శ్రీ ఉగ్రకంఠులవారు వేంచేస్తున్నారు! ఏరు దాటి వేంచేస్తున్నారు!"

శింగన పీఠం మీద ఉన్నాడో, పీఠం శింగన మీద ఉందో తెలియలేదు. గుండె ఒక్కటే మిగిలింది ఒంట్లో. మంచులోంచి మనిషి బయటపడ్డాడు. తడిసిన పట్టుబట్టలు, శింగన నెత్తిన ఉన్నలాంటిదే మరో కిరీటం, నలుపు రంగు పాదుకలు. కంబళి మీదికి వచ్చి నిలబడ్డాడు. రాజులకు నాలుగు నల్లటి పాదుకలు కనబడ్డాయి. ముగ్గురూ నోళ్లు తెరిచారు గాని తలలెత్తలేదు.

"ఇద్దరు ఉగ్రకంఠులా!" అన్నాడు తుషారసేనుడు. "ఒక్కణ్ణే భరించలేకపోతుంటే!"

ధూమకేశి పొగ కొత్తవాడి వైపు పరుగెత్తింది. వాడి దాకా వెళ్లి ఆగింది. వాసన చూసింది. ఏమీ దొరక్క రెండు పాయలై, వాడికి చోటిచ్చి, పక్కలకు తప్పుకుంది.

శింగన ఒక్కడే తలెత్తి చూశాడు. ముఖాలు చూడడం వేషగాడి వృత్తి. మనిషి పొట్టి. కిరీటం కింద నుదుటికి అడ్డంగా, ఏళ్ల తరబడి అడ్డటోపీ ఒత్తుకున్న గీత. గోళ్ల కింద ఎంత కడిగినా పోని నల్లటి ఫిరంగి మందు. ఎడంచెయ్యి తనంతట తానే వీపు వెనక్కి పోయింది.

ఉగ్రకంఠుడు కాడు. వీడు భేరుండుడు!

వచ్చినవాడు దగ్గరకు వంగి, శింగనకొక్కడికే వినిపించేట్టు అన్నాడు: "వేషం బాగా కట్టావోయ్. గడ్డం మాత్రం ఎడమపక్క లేచింది."

శింగన చెయ్యి గడ్డం మీదికి పోయింది.

"ఆ కట్టేసినవాడు నన్ను నాకంటే బాగా కట్టాడట. పాపం. కాని నేను చచ్చానని వీళ్లు ఈ సాయంత్రం పండగ చేసుకోవాలి. అందరూ తాగాలి. అప్పుడొస్తారు నావాళ్లు. అడ్డం రాకు, బతుకుతావు." గొంతులో కోపం లేదు, పగ లేదు. వంటవాడు కూరగాయ గురించి మాట్లాడినట్టుంది. శింగనకు దానికే ఎక్కువ భయం వేసింది.

"నిజమైన రాజెవరో తేల్చడం తేలిక," అన్నాడు ధూమకేశి. "పడాల్సిన రుమాలు ఒకటుంది. రాజైనవాడు వదులుతాడు."

భేరుండుడు శింగన బిగించిన పిడికిలి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి విరిచి, నల్లరుమాలు లాగాడు. ఎత్తి పట్టాడు. వదిలాడు.

రుమాలు గాలిలో ఒక మెలిక తిరిగింది. గోలందాజు వత్తి కదిలింది.

శింగన పీఠం మీంచి పులి వేషంలో దూకినట్టు దూకాడు. కంబళి మీద బోర్లాపడి, నేలకు జానెడు ఎత్తులో రుమాలును పళ్లతో అందుకున్నాడు. కిరీటం దొర్లిపోయింది. గడ్డం ఊడి సరిగ్గా ముగ్గురు రాజుల పాదుకల నడుమ పడింది. ముగ్గురూ ఆ గడ్డాన్ని చూశారు. చచ్చిన ఎలుకను చూసినట్టు కాళ్లు దగ్గరకు తీసుకున్నారు.

"నేను వేషగాణ్ణే!" రుమాలు ఉమ్మేసి గుప్పిట్లో కుక్కుకుంటూ అరిచాడు శింగన. "ఆ కట్టేసినవాడు నా తమ్ముడు! భేరుండుడు ఇదిగో, మీ ఎదుట నిలబడ్డాడు! తలెత్తి చూడండి బాబూ! ఒక్కసారి ముఖం చూడండి!"

ఎవరూ తలెత్తలేదు. సాగరకేతుడు గరుత్మవర్మ పాదుకలు చూశాడు, నువ్వు ముందు చూడరాదా అన్నట్టు. గరుత్మవర్మ తుషారసేనుడి పాదుకలు చూశాడు. ముసలాయన సున్నం పడిన కన్ను తుడుచుకున్నాడు.

"భేరుండుడు ఫిరంగికి కట్టి ఉన్నాడు," అన్నాడు చివరికి. "అలా అని చాటించాం."

"చాటించాం," అన్నాడు సాగరకేతుడు.

"మా జెండా మీద ఒట్టేసి చాటించాం," అన్నాడు గరుత్మవర్మ.

భేరుండుడు నవ్వాడు. నడుముకు కట్టిన నల్లపట్టు పటకా విప్పి, "రుమాలైతేనేం, పటకా అయితేనేం," అని నేల మీద జారవిడిచాడు. గోలందాజుకు పొగలో నల్లగా పడిన గుడ్డ కనబడింది. అంతే చాలు వాడికి.

శింగన అప్పటికే పరుగెత్తుతున్నాడు. ఈటె ఒకటి భుజం గీసుకుంటూ పోయింది. వెనక పొగ మడమలు అందుకుంటోంది. ఫిరంగి చక్రానికి ఒడ్డిన రాయి కనబడింది. ఉన్న బలమంతా కాలిలోకి తెచ్చుకుని తన్నాడు. రాయి కదలలేదు. మళ్లీ తన్నాడు. వేలు విరిగింది, రాయి కదిలింది. యమజిహ్వ మూలిగి, బద్ధకంగా ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, మూతి ముందుకు పెట్టి పల్లంలోకి తిరిగింది. వత్తి ఫిరంగి చెవిని రాసుకుంటూ జారింది. నిప్పురవ్వ ఒకటి లోపల పడిందో లేదో!

శింగన ఫిరంగి మీదికి ఎగబాకాడు. చెవి దగ్గర చుర్రుమంటూ సన్నటి పొగ. ఆలోచించలేదు, అరచెయ్యి వేసి అదిమాడు. మాంసం కాలిన వాసన వచ్చింది. అరిచాడు. అరిచినా చెయ్యి తియ్యలేదు.

చక్రాలు జోరందుకున్నాయి. తుమ్మచెట్టు పక్కనుంచి రివ్వున పోయింది. గుడారాల తాళ్లు తెగాయి, గుర్రాలు సకిలించాయి, పైనెక్కడో ధూమకేశి కేక, దానికి పైన భేరుండుడి నవ్వు సన్నగా వినబడి మాయమైంది. మంచు తప్ప మరేమీ మిగల్లేదు. ఫిరంగి మూతికి కట్టిన ఓబులు అన్నిటికంటే ముందు, ఆ తెల్లటి చీకట్లోకి ముఖం పెట్టి దూసుకుపోతున్నాడు.

"అన్నా! లోపల గుండు ఉందా?"

"ఉందిరా!"

"నిప్పు?"

"నా చేతి కింద ఉంది! కదలకు!"

"కదలడానికి నన్ను కట్టేశారు గదన్నా! ఎక్కడికి పోతున్నాం?"

"ముందున్నది నువ్వు! నువ్వే చెప్పు, ఏం కనబడుతోంది?"

చక్రాల కింద రాళ్లు పోయి ఇసక వచ్చింది. చప్పుడు మారింది. ఆ చప్పుడు కింద నుంచి మరో చప్పుడు, వేయి ఏనుగులు ఒక్కసారి ఊపిరి వదులుతున్నట్టు, పెరుగుతోంది.

"కనబడ్డం లేదన్నా," అన్నాడు ఓబులు. గొంతు చిన్నపిల్లవాడిదైపోయింది. "ఏరు... వినబడుతోంది."